మెట్టతామర

పూవులయందు గూడ తరతమభేదములను కల్పించుకొన్నవారము మనము. మల్లెకు ముడిలో స్థానము. మందారమునకు పూజాపీఠమున స్థానము. బంతికి గుమ్మమున స్థానము. మెట్టతామరకు మాత్రము దొడ్డిలో నూతిగట్టు క్రింద, అంట్లు తోమిన నీరు పాఱు కాలువయొడ్డున స్థానము. దానికి చెప్పుకొనదగిన వాసన లేదు. కోసిన కొంతసేపటికే పూవు వాడి వ్రేలాడును గనుక జడలో నిలువదు, దండలో కుదురుకొనదు. అడుగకయే పెరుగును, పొమ్మన్నను పోదు. ఇట్టి మొక్కకు చరిత్ర యేమి యని చదువరులు నవ్వవచ్చును. కాని దీని చరిత్ర దేవునిగదిలోనికి బోవు పెక్కుపూవుల చరిత్రకంటె విస్తారమైనది. అందులో మన యాంధ్రతీరమునకు, విశేషించి కాకినాడనుండి విశాఖపట్టణమువఱకు గల సీమకు, భాగము గలదు. మఱియొకటి. మన యిల్లాండ్రు దీనిని కాలువయొడ్డున నాటుట చిన్నచూపువలన జరిగినదా, తెలివివలన జరిగినదా? ఈ వ్యాసమున నేను ముఖ్యముగా విచారింపదలచినది ఆ ప్రశ్నమునే.

ముందుగా పేరు. తెలుగున మెట్టతామర యనియు, కృష్ణతామర యనియు అందురు. అరవవారు కల్వాళై, అనగా ఱాతియరటి, యందురు. మలయాళమున కాట్టువాళ, అనగా అడవియరటి. వంగదేశీయులు సర్వజయ యనియు కలావతి యనియు ముద్దుపేరులు పెట్టిరి. ఆకును చూచినవారు అరటి యనిరి, పూవును చూచినవారు తామర యనిరి. వృక్షశాస్త్రజ్ఞులు ఈ తగవులో ఆకును చూచినవారి పక్షమువారే. అరటి, అల్లము, పసుపు మొదలగునవి చేరిన వర్గమునకే యిదియు చేరినది. తామరతో దీనికి చుట్టరికమే లేదు. తామరవలె కొలనిలో గాక నేలమీద పూచుటచే మెట్ట యను విశేషణము వచ్చియుండును గాని, ఎంత నీరిచ్చినను చాలదను మొక్కకు మెట్ట యని పేరుండుట వింతయే.

పాశ్చాత్యులు దీనిని కన్నా యందురు. అది గ్రీకు లాటిను భాషలలో రెల్లునకు గల పేరు. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1753లో ప్రకటించిన ‘స్పీషీస్ ప్లాంటారమ్’ అను గ్రంథము నేటికిని మొక్కల శాస్త్రనామములకు మూలప్రమాణము. ఆ గ్రంథమున మొదటిపుటలో మొట్టమొదట వర్ణింపబడిన మొక్క గులాబి గాదు, తామర గాదు. మన కాలువగట్టునందలి మెట్టతామర. దాని కాయన పెట్టిన పేరు కన్నా ఇండికా. ఇది గౌరవముకొఱకు జరిగినది కాదు. లిన్నేయసు మొక్కలను పూవులోని కేసరముల సంఖ్యనుబట్టి తరగతులుగా విభజించెను. ఒక్క కేసరము గలవి మొదటి తరగతి. మెట్టతామరలో పుప్పొడినిచ్చు కేసరము ఒక్కటియే. నిజము చెప్పవలెనన్న అదియు సగమే. మనము ఎఱ్ఱగా, పసుపుపచ్చగా, వెడల్పుగా చూచుచున్న రేకులు రేకులు కావు. పుప్పొడి పుట్టించు శక్తిని గోల్పోయి రేకులవలె విప్పారిన కేసరములవి. అసలు రేకులు మూడు, సన్నగా కొనదేలి, వాని వెనుక నణగియుండును. నడుమనున్న యొక సన్నని రేకువంటిదాని యంచున సగము పుప్పొడితిత్తి మాత్రము అంటుకొనియుండును. పిల్లలు గల యిండ్లలో ఒక పూవును కోసి విప్పి చూపినచో ఇది యంతయు అరగడియలో బోధపడును. పాఠ్యపుస్తకమునందలి పటముకంటె ఇదియే మేలైన పాఠము.

ఇండికా యని పేరున్నంతమాత్రమున ఇది ఇండియాదేశపు మొక్క కాదు. ఐరోపావారు అమెరికా ద్వీపములకు గూడ ఇండీసు అను పేరే వాడుచుండిన కాలమునాటి గందరగోళము ఆ పేరులో నిలిచిపోయినది. దీని జన్మభూమి అమెరికాఖండపు ఉష్ణప్రదేశములు. అండీసు పర్వతప్రాంతములవారు దీనిని పూవుకొఱకు గాక దుంపకొఱకు వేలకొలది సంవత్సరములనుండి సాగుచేసిరి. అచ్చట దీని పేరు అచీరా. ఉడికించియు కాల్చియు తిందురు. పిండి తీసి రొట్టెలు చేయుదురు. ఆ జాతి దుంపలనుండియే ఆస్ట్రేలియాయందలి క్వీన్సులాండులో ఆరారూటు పిండి చేసి అమ్మిరి. వియత్నాములో నేటికిని ఈ పిండితోనే గాజుతీగలవంటి సేమ్యా చేయుదురు. జ్వరము తగ్గినవారికి మన యిండ్లలో కాచియిచ్చు ఆరారూటు వేఱొక మొక్కనుండి వచ్చునది. ఐనను ఈ రెండును దగ్గఱిచుట్టములే. ఒక దేశమున అన్నమైనది మఱియొక దేశమున అలంకారమై, మూడవదేశమున అంట్లకాలువకు కాపరి యైనది.

ఇది సముద్రముమీదుగా మన దేశమునకు వచ్చి యెంతయో కాలమైనది. కొచ్చిలో డచ్చివారి అధికారియైన వాన్ రీడు మలబారు వైద్యుల సాయమున సంకలనము చేయించిన ‘హోర్తుస్ మలబారికుస్’ అను గ్రంథపు 11వ సంపుటము 1692లో వెలువడినది. అందు ఈ మొక్క చిత్రము గలదు, కాట్టువాళ యను నాటిపేరు గలదు. వాస్కో డ గామా 1498లో కాలికట్టు చేరినదాదిగా ఇన్నూఱేండ్లు నిండకమునుపే పరదేశపు మొక్క అడవియరటి యను దేశ్యనామమును సంపాదించుకొన్నదన్నమాట.

ఇచ్చట కొంచె మాగి మన యాచారముల నొకమాఱు పరికింపవలెను. సంక్రాంతినాడు గొబ్బెమ్మల తలమీద పెట్టు గుమ్మడిపూవు అమెరికానుండి వచ్చినదే. గుమ్మమునకు గట్టు బంతి మెక్సికోదేశపుది. సాయంకాలము పూచు చంద్రకాంత, శివునికి సమర్పించు పచ్చగన్నేరు, గుడి ముంగిట రాలు దేవగన్నేరు, ఇవియన్నియు ఆ ఖండమునుండి వచ్చినవే. సీతాఫలము, మిరపకాయ సంగతి చెప్పనేల. ఇవి పరదేశపువని మడి చెడలేదు, దేవుడు కోపగింపలేదు. సంస్కృతపుపేరు పెట్టుకొన్నది ప్రాచీనమైనదనియు, ఇంగ్లీషుపేరు గలది మొన్న వచ్చినదనియు తలచుట మనకు అలవాటు. దేవగన్నేరులోని ‘దేవ’ శబ్దమును చూచి దానికి వేదకాలమునాటి వంశవృక్షమును గల్పించువారిని నేనెఱుంగుదును. ఒక మొక్కను మనది యనిపించునది అది పుట్టినచోటు గాదు, మనము దానితో చేసికొన్న కాపురము.

ఇక మన తీరమునకు వత్తము. లిన్నేయసు శిష్యులలో నొకడైన కోనిగు అను వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశమంతయు దిరిగి మొక్కలను పోగుచేసి, 1785లో కాకినాడచెంత జగన్నాథపురమున మరణించెను. మొక్కలకు రెండుమాటల పేరు పెట్టు లిన్నేయసు పద్ధతిని గురువునొద్దనే నేర్చి మన దేశమునకు తెచ్చినవా డాతడు. అప్పటికే సామర్లకోటలో కంపెనీవారి వైద్యుడుగా నుండిన రాక్స్‌బరో ఆ పద్ధతి నందుకొని, సామర్లకోటయందొక తోట వేయించి, దేశీయచిత్రకారులచేత మొక్కల చిత్రములు వ్రాయించెను. కోనిగు తరువాత కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమింపబడిన పాట్రిక్ రస్సెలు అంతకు మూడేండ్ల క్రిందట తన సోదరునితో విశాఖపట్టణమునకు వచ్చి యున్నవాడు. పాముల గ్రంథమువలన ఆయన పేరు మనకు ఎక్కువగా తెలియును. మన కట్లపాముల, రక్తపింజరుల లెక్క ఆయన ఈ తీరముననే మొదలుపెట్టెను. రాక్స్‌బరో చిత్రములను అచ్చొత్తింపవలెనని కంపెనీవారికి సలహా చెప్పినవాడును, 1795లో వెలువడిన ‘కోరమాండలు తీరపు మొక్కలు’ మొదటి సంపుటమునకు పీఠిక వ్రాసినవాడును ఆ రస్సెలే. రాక్స్‌బరో 1793లో కలకత్తా తోటకు అధికారియై పోయెను. ఆయన మరణానంతరము, 1820లో, శ్రీరామపురమున కేరీ పరిష్కరించి ప్రకటించిన ‘ఫ్లోరా ఇండికా’ గూడ లిన్నేయసు వరుసనే యనుసరించినది గనుక ఏకకేసరపు మొక్కలతోడనే, మెట్టతామర గల ఆ మొదటి తరగతితోడనే, ఆరంభమగుచున్నది.

విశాఖపట్టణము, సామర్లకోట, జగన్నాథపురము అను నీ మూడూళ్లకు వృక్షశాస్త్రచరిత్రలో ఇట్టి స్థానముండగా, మన పాఠశాలలలో ఈ సంగతి చెప్పువారు అరుదు.

ఐరోపాలో దీనికి పట్టిన వైభవము వేఱు. చిలీదేశమున ఉద్యోగముచేసి వచ్చిన ఆన్నే యను ఫ్రెంచివాడు 1840 తరువాత పారిసు చెంత తన తోటలో వివిధజాతుల మెట్టతామరలను సంకరము చేయ నారంభించెను. మొదట ఆకుల యందముకొఱకే పెంచెడివారు. పిమ్మట లియోన్ నగరవాసియగు క్రోజీ జీవితమంతయు పూవును పెంచుటయందే గడపెను. ఆయన సృష్టించిన రకములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘మదాం క్రోజీ’. నేపిల్సు చెంత స్ప్రెంగరు అమెరికాలోని చిత్తడినేలల పచ్చపూల జాతిని కలిపి వెడల్పైన పూవుల ‘ఇటాలియా’ మొదలగు రకములను 1890 తరువాత తీసెను. ఈ రకముల జాబితాలు చదివినచో సేనాపతుల పేరులు, రాజుల పేరులు, తోటల యజమానుల భార్యల పేరులు కనబడును. ఆ భార్యలకు గూడ స్వంతపేరు లేదు; ఫలానివారి మదాం అనియే.

మన దేశమున ఈ పనికి పట్టుకొమ్మ కలకత్తాయందలి అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ. దానిని 1820లో స్థాపించినవాడును పైన చెప్పిన కేరీయే. అలీపూరులోని ఆ సంఘపు తోటలో సిడ్నీ పెర్సీ-లాంకాస్టరు ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున మెట్టతామర రకములను పెక్కింటిని పెంచెను. ఆయన కుమారుడు అలిక్ స్వాతంత్ర్యము వచ్చిన తరువాత గూడ ఢిల్లీయందలి ప్రభుత్వోద్యానములకు అధికారిగా నుండెను. 1970 ప్రాంతమున లక్నోలోని జాతీయ వృక్షశాస్త్రోద్యానమున ఖోషూ, ముఖర్జీ అనువారు ఈ రకముల వంశక్రమమును సూక్ష్మదర్శినితో పరిశోధించి, తోటలలోని పెక్కురకములు విత్తనము కట్టలేకపోవుటకు కారణము కణములలో గల మూడుజతల క్రమమే యని చూపిరి. అట్టివానికి దుంపను పంచుటయే వంశాభివృద్ధి.

విశాఖపట్టణమున 1901లో జనులు సుమారు 40 వేలు. 1893–96 నడుమ బెజవాడనుండి కటకమువఱకు రైలుమార్గము వేయబడినది. ఉప్పుటేరు చిత్తడిని త్రవ్వి నిర్మించిన రేవునకు 1933లో మొదటి యోడ ‘జలదుర్గ’ వచ్చెను. ఆ డిసెంబరున విల్లింగ్డను ప్రభువు దానిని లాంఛనముగా ఆరంభించెను. 1941లో సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపనచేసిరి. 1948లో ‘జల ఉష’ నీటిలోనికి దిగినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము, 1966లో ఉక్కు ఆంధ్రుల హక్కు అను ఉద్యమము, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన, 1992లో దాని జాతీయాంకితము. 2011 నాటికి నగరజనసంఖ్య 17 లక్షలు దాటినది. ఒక్కొక్క సంస్థతో నొక్కొక్క క్వార్టర్ల పేట లేచినది. రైల్వేవారి పేటలు, రేవువారి పేటలు, నౌకాశాలవారి పేటలు, తుదకు ఉక్కునగరము. ఈ పేటలు వచ్చుటతో మెట్టతామర బ్రదుకు రెండుగా చీలినది. స్టేషనులయందు, కార్యాలయముల ముందర, క్వార్టర్ల ముంగిళ్లలో సున్నము పూసిన యిటుకల నడుమ వరుసగా నిలిచినది కన్నా. పాతపట్టణపు పెరళ్లలో, చప్టానీరు పాఱుచోట గుబురుగా పెరిగినది మెట్టతామర. ఒకటి తోటమాలి పెంచినది, ఒకటి ఇల్లాలు పెంచినది. వంశము ఒక్కటే.

చరిత్రకారులు మొదటిదానిని వ్రాసిరి. రెండవది యేల జరిగినదో విచారింతము.

పూర్వపుటింటి పెరడు నెఱిగినవారికి ఇది తెలిసిన సంగతియే. నూతిచెంత గోలెము, గోలెము ప్రక్క చప్టా, చప్టానుండి తూము. తూమునుండి వచ్చు నీటిలో కుంకుడునురుగు, బియ్యపుకడుగు, అంట్లు తోమిన బూడిద, మెతుకులు, నూనె. ఆ నీరు నిలిచిన దోమ, వాసన, జాఱుడు. పొరుగింటిలోనికి పాఱిన తగవు. కావున ఇల్లాండ్రు ఆ నీటి దారిలో అరటిని, చేమను, మెట్టతామరను నాటిరి. అరటి గెల నిచ్చును. చేమ కూర నిచ్చును. మెట్టతామర తినుట కేమియు నియ్యకపోయినను నీటిని త్రాగివేయును, ఏడాదిపొడుగున పూచును. ఏ మొక్క యే నీటిలో బ్రదుకునో, ఏది కుళ్లిపోవునో వారు చూచి నేర్చుకొనిరి. ఒక యింటి దుంప మఱియొక యింటికి పోవుచుండెను. ఈ నేర్పు గ్రంథమున కెక్కలేదు, దీనికి బిరుదములు రాలేదు. కాలువగట్టున నున్నది గనుక తక్కువదని మగవారు తలచిరి. పని చేయగలది గనుక ఆడువారు దానిని కాలువగట్టున నుంచిరి.

ఈ నేర్పునే శాస్త్రము చాల ఆలస్యముగా కనుగొన్నది. జర్మనీలో కేతే సైడెల్ అను విదుషి 1950 తరువాత తుంగజాతి మొక్కలచేత మురుగునీటిని శుభ్రపఱచు ప్రయోగములు చేసెను. తోడి శాస్త్రజ్ఞులు చాలకాలము ఆమెను నమ్మలేదు. తరువాత ఆ మార్గముననే దేశదేశముల మడులు నిర్మింపబడినవి. ఉష్ణదేశములలో ఆ మడులకు మిక్కిలి తరచుగా నెన్నుకొనబడుచున్న మొక్కలలో మెట్టతామర యొకటి. దీని పని యిట్లుండును. గులకరాళ్లు, ఇసుక నింపిన మడిలో వేళ్లు దట్టముగా వలవలె అల్లుకొనును. మొక్క ఆకులనుండి వేళ్లకు గాలిని దించును. ఆ గాలిని ఆధారముగా చేసికొని వేళ్లచుట్టును కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించి నీటిలోని జిడ్డును, కుళ్లును తిని విడగొట్టును. విడివడిన నత్రజనిని, భాస్వరమును మొక్క ఎరువుగా గ్రహించును. నీరు గులకరాళ్ల లోపలనే నడచుటచే పైకి తడి కనబడదు, దోమకు గ్రుడ్డుపెట్టు తావు దొరకదు. ఇందులో మంత్రము లేదు. కాని మొక్కలను ఎప్పటికప్పుడు కోసి తీసివేయవలెను; కోయనిచో ఎండిన యాకు అందులోనే కుళ్లి, తీసికొన్నదానిని మరల నీటికే అప్పగించును.

మన తెలుగునేలమీదనే దీనికి నిదర్శనములు గలవు. పటాన్‌చెరువు చెంతనున్న ఇక్రిశాట్ వారు పల్లెల మురుగునీటిని ఇట్టి మడులలో మెట్టతామర, తుంగ మొదలగువానిచే వడగట్టి పొలములకు మరల్చు పద్ధతిని పరీక్షించి ప్రచారము చేసిరి. హైదరాబాదునందలి నెక్నాంపూరు చెరువులో ధ్రువాంశ్ అను స్వచ్ఛందసంస్థవారు 2018 ఫిబ్రవరిలో సుమారు 3,000 చదరపుటడుగుల తేలుమడిని నీటిపై నుంచిరి. వెదుళ్లు, గోనెసంచులు, గులకరాళ్లు దానికి ఆధారము. వట్టివేరు, తుంగ, మెట్టతామర మొదలగునవి దాని కాపులు. వేళ్లు నీటిలో వ్రేలాడుచు మురుగును భక్షించును.

విశాఖపట్టణమునకు ఈ విచారము ఇతర నగరములకంటె నెక్కువ యవసరము. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రము. కొండనీరు దిగివచ్చు వాగులను ఇచ్చటివారు గెడ్డలందురు. ఆ గెడ్డలే నేడు పేటల మురుగునకు గూడ దారులై లోపలి రేవులోనికిని సముద్రములోనికిని పోవుచున్నవి. త్రాగునీటికొఱకు గోస్తనినుండి, మేఘాద్రిగెడ్డనుండి, రైవాడనుండి, దూరమందలి ఏలేరునుండి నీరు తెచ్చుకొను నగరము, ఒక్కమాఱు వాడిన నీటిని చెట్టుకైనను తాకనీయక సముద్రము పాలుచేయుచున్నది. పెరళ్లు పోయి అపార్టుమెంట్లు వచ్చినవి. వంటింటినీరు గొట్టములో పడి కంటికి కనబడక పోవుచున్నది; కంటికి కనబడనిది శుభ్రమని మన భావన. ఆ గొట్టము పూడుకొన్ననాడు మాత్రము దానిలోనికి దిగుట కొక మనుష్యుడు కావలెను. మురుగుగుంటలలోనికి మనుష్యులను దింపుట 2013 నాటి చట్టముచే నిషేధింపబడినది; దిగినవారు ఊపిరాడక చచ్చిన వార్తలు ఆ తరువాతను పత్రికలలో చదువుచునే యున్నాము. కాలువగట్టున నున్న మొక్కను తక్కువగా జూచిన చూపే కాలువను బాగుచేయు మనుష్యుని మీదను పడినది. మొక్కకు దానివలన నష్టము లేదు.

వంటింటినీటిని, స్నానపునీటిని మరుగుదొడ్డినీటితో కలుపక వేఱుగా మరల్చుట క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారికి పెద్దఖర్చు గాదు. కలిసిన తరువాత విడదీయుటయే కష్టము. తూముచెంత మొదట గులకరాళ్లు, తరువాత ముతకయిసుక నింపి, దుంపలు నాటినచో చిన్నకుటుంబపు అంట్లనీటికి నేలగల యిండ్లలో చోటు దొరకును. సబ్బుపొడులు మితముగా వాడవలెను. వేడిగంజిని, కాగిన నూనెను నేరుగా పోయరాదు. కర్మాగారముల చెంత పాఱు నీటిలో పెరిగిన దుంపలను తినుట గాని పశువులకు పెట్టుట గాని కూడదు. లోహముల విషమును ఈ మొక్క పీల్చి తనలో దాచుకొనును.

ఇక పెంపకము. మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు వానలు పడినపిమ్మట నాటుట మేలు. నీరున్నచో ఎప్పుడు నాటినను బ్రదుకును. దుంపను ముక్కలు చేయునప్పుడు ఒక్కొక్క ముక్కకు ఒకటి రెండు కన్నులుండవలెను. మూడంగుళముల లోతున, కన్ను పైకి వచ్చునట్లు, అడుగున్నర రెండడుగుల యెడముగా పాతవలెను. ముంగిటితోటలో నాటినచో విశాఖ ఎఱ్ఱనేలకు చివికిన గత్తము ధారాళముగా కావలెను. అంట్లకాలువచెంత నాటినదానికి ఎరువు పెట్టనక్కఱలేదు, వంటిల్లే పెట్టును. ఎండ తగులనిచోట ఆకు పెరుగును గాని పూవు రాదు. సముద్రపుగాలి నేరుగా కొట్టుచోట ఆకు చీలికలగును. గోడచాటున గాని ఇతరమొక్కల చాటున గాని ఉంచవలెను. చీలినంతమాత్రమున మొక్కకు హాని లేదు. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను నగరపు మహావృక్షములను కూల్చివేసినది. కూలిన మాను మరల లేవదు గాని, దుంపలో బ్రదుకు దాచుకొను మొక్కకు కాండము విఱిగినను మరల చిగిర్చు వీలుండును.

ఒక కాండము ఒకమాఱే పూచును. పూవులు ముగిసిన కాండమును నేలమట్టముగా కోసినచో ప్రక్కపిలకలు బలిసి పూచును. కోయనివారి గుబుర్లు ఎండుటాకులతో నిండి నత్తలకు కాపురమగును. ఆకులను చుట్టి లోపల దాగు పురుగును చుట్టతోడనే కోసి నలిపివేయుట చాలును, మందులతో పనిలేదు. ఆకుమీద పసుపుచారలు పడి మొక్క గిడసబాఱినచో అది తెగులు. ఆ దుంపను పీకి కాల్చివేయవలెను గాని ఎవరికిని పంచరాదు, పంచిన దుంపతోడనే అది యూరంతయు తిరుగును.

గింజ వేయదలచినవారికి ఓపిక కావలెను. గుండువలె నల్లగా, గట్టిగా నుండుటచేతనే ఇంగ్లీషువారు దీనిని తుపాకిగుండుతో పోల్చి పేరుపెట్టిరి; జపమాలలకు గ్రుచ్చువారును గలరు. అర్జెంటీనాలో ఒక పురాతనసమాధిలో దొరకిన గిలకకాయలో ఈ జాతి గింజయొకటి యుండెను. దానిని మొలకెత్తింపగా మొలచెను, వయస్సు లెక్కింపగా సుమారు 600 ఏండ్లని తేలెను. మన గింజను అన్నాళ్లు దాచనక్కఱలేదు. ఆకురాయితో ఒకప్రక్క తెల్లని పప్పు కనబడువఱకు అరగదీసి, గోరువెచ్చని నీటిలో ఒకరాత్రి నానవేసి నాటినచో కొన్నిదినములకే మొలచును. తోటరకముల గింజ మొలచినను తల్లిని పోలదు. తల్లినే కోరువారు రెండుమూడేండ్ల కొకసారి గుబురును త్రవ్వి, ముదురుదుంపను పాఱవేసి, లేతదుంపలను మడిలో మరల నాటుకొని, మిగిలినవానిని తడిగోనెలో చుట్టి పొరుగింటికి పంపవచ్చును.